చలి మొదలైంది: ఇంటిల్లిపాదికీ రాత్రి భోజనంగా నిలిచే గుమ్మడి సూప్ చేయడం ఎలా?

ఎడిసన్_వంటిల్లు
అక్టోబరు సగానికి వచ్చేసరికి న్యూజెర్సీలో సాయంత్రం ఆరున్నర దాటితే చీకటి పడుతోంది. గుంటూరు నుంచి వచ్చిన మా అత్తగారికీ మామగారికీ ఈ చలి కొత్త కాబట్టి, రాత్రిపూట వేడివేడిగా, కడుపు నిండేలా ఏదైనా సూప్ చేసిపెట్టాలన్నది నా కోరిక. పోయిన వారం ఇక్కడి పద్ధతిలో బటర్‌నట్ గుమ్మడి సూప్ చేసి వడ్డిస్తే, మామగారు మర్యాదకు గిన్నె ఖాళీ చేసి, "ఇప్పుడు అన్నం పెట్టమ్మా" అన్నారు. అత్తగారు మాత్రం, ఇది పాయసమా పులుసా తేల్చుకోలేకపోతున్నానని నాతో నేరుగానే చెప్పారు. ఈ శనివారం మా ఆడపడుచు కుటుంబం కూడా భోజనానికి వస్తోంది. పెద్దలం ఆరుగురం, పిల్లలు ముగ్గురు, అందరూ శాకాహారులే. మామగారికి రక్తపోటు ఉంది, చిన్నవాడు కారం తినడు. సూప్ తాగాక మళ్లీ అన్నం అడగనక్కరలేకుండా, తీపి తగ్గి, నిజంగా భోజనం అనిపించేలా ఎలా చేయాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

కృష్ణాతీరం
ముక్కలను ఉడికించారా, ఓవెన్‌లో కాల్చారా? అందులో ఇంకేమేం వేశారో చెబితే సలహా ఇవ్వడం తేలిక.

ఎడిసన్_వంటిల్లు
ఉల్లిపాయ వేయించి, గుమ్మడి ముక్కలు వేసి, పెట్టెలో అమ్మే కూరగాయల స్టాక్, అంటే కూరగాయలు మరిగించి వడగట్టిన నీరు, పోసి ఉడికించాను. తరువాత మెత్తగా రుబ్బి, కొంచెం మీగడ, చిటికెడు జాజికాయ పొడి కలిపాను. అంతకు మించి ఏమీ లేదు.

మిషిగన్_మంచు
నీళ్లలో ఉడికించడం దగ్గరే రుచి పోయింది. బటర్‌నట్‌ను నిలువునా రెండు చెక్కలుగా కోసి, గింజలు తీసి, కోసిన వైపున నూనె రాసి, ఆ వైపే పళ్లెం మీద బోర్లించి, 400 ఫారెన్‌హీట్ డిగ్రీల వేడిలో, అంటే సుమారు 200 సెల్సియస్‌లో, ముప్పావు గంట కాల్చండి. అంచులు గోధుమరంగుకు తిరిగి, చెంచా గుచ్చితే అడ్డు లేకుండా దిగిపోవాలి. ఓవెన్‌లో కాయలోని నీరు ఆవిరై గుజ్జు చిక్కబడుతుంది, పళ్లేనికి ఆనిన భాగం ఎర్రగా మాడీ మాడనట్టు కాలి, ఉడికించిన ముక్కకు ఎన్నటికీ రాని వాసన వస్తుంది. పైగా తొక్క తీసే శ్రమ ఉండదు. చల్లారాక చెంచాతో గీస్తే గుజ్జంతా ఊడి వస్తుంది. అదే పళ్లెంలో ఒక మూలన తొక్క తీయని వెల్లుల్లి గడ్డ, నాలుగు పెద్ద ఉల్లిపాయ చెక్కలు కూడా పెట్టేయండి. మా ఇంట్లో సెప్టెంబరు చివరి నుంచి నవంబరు చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండుగ వరకు ఈ వంట తరచూ చేస్తూనే ఉంటాం.

నల్లరేగడి
మంచు గారి పద్ధతి మంచిదే కానీ, అడిగిన ప్రశ్నకు అది సగం జవాబే. కాలిస్తే గుమ్మడి తీపి తగ్గదు, నీరు పోయి ఇంకా పెరుగుతుంది. తీపి ఈ కాయ గుణం. మన ఇళ్లలో గుమ్మడికాయ పులుసులో బెల్లం కూడా వేస్తాం, అయినా దాన్ని ఎవరూ పాయసం అనరు, ఎందుకంటే చింతపండు, ఉప్పు, కారం ఆ తీపికి ఎదురు నిలబడతాయి. వీరు చేసిన సూప్‌లో పులుపు అనేదే లేదు; పైన మీగడ, జాజికాయ చేరి తీపిని మరింత ముందుకు నెట్టాయి. దించాక పెద్ద నిమ్మకాయ రసం పిండినా, ఉడికేటప్పుడు రెండు పుల్లటి టమాటాలు వేసినా మీ అత్తగారి అభ్యంతరం చాలావరకు తీరిపోతుంది.

తెల్లచామంతి
పులుపు విషయంలో నల్లరేగడి గారితో ఏకీభవిస్తాను. ఒక్క జాగ్రత్త చెప్పాలి. టమాటా, నిమ్మరసం ఉన్న సూప్‌లో పలుచటి పాలు పోసి మరిగిస్తే విరిగిపోతాయి. చిక్కదనం కావాలంటే కొబ్బరిపాలు వాడండి, లేదా పొయ్యి ఆపాక చిక్కటి మీగడను కలపండి.

పెరటిచెట్టు
ఇంతవరకు రుచి గురించే మాట్లాడుకున్నాం, కానీ మామగారు అన్నం అడిగింది ఆకలితో. వంద గ్రాముల బటర్‌నట్‌లో ఉండేది 45 కేలరీలు, ఒక్క గ్రాము మాంసకృత్తులు. దాన్ని నీళ్లతో పలుచన చేసి పెద్ద గిన్నెడు తాగినా రెండు గంటల్లో కడుపు ఖాళీ అవుతుంది. ఎర్ర మసూర్ పప్పు వంద గ్రాముల్లో సుమారు 24 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. నానబెట్టే పని లేకుండా తెరిచిన గిన్నెలోనే ఇరవై నిమిషాల్లో ఉడికి, గుమ్మడి గుజ్జులో కనబడకుండా కలిసిపోతుంది. రంగు కూడా చెడదు. దానికి తోడు బార్లీ గింజలను వేరుగా ఉడికించి, గిన్నెకు రెండు గరిటెల చొప్పున అడుగున వేసి, పైన సూప్ పోయండి. పంటి కింద నమలడానికి ఏదో ఒకటి ఉంటేనే మనవాళ్లకు భోజనం చేసిన తృప్తి కలుగుతుంది. అంతా రుబ్బేసిన ద్రవం ఎంత చిక్కగా ఉన్నా పథ్యంలాగే తోస్తుంది.

కృష్ణాతీరం
పెరటిచెట్టు గారి చివరి మాట చాలా ముఖ్యమైనది. హైతీ ప్రజలు 1804లో స్వాతంత్ర్యం పొందిన జనవరి 1ని తలచుకుంటూ ఏటా ఆ రోజున ఇంటింటా గుమ్మడి సూప్ చేసుకుంటారు. 2021లో యునెస్కో దాన్ని మానవజాతి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అందులో రుబ్బేది గుమ్మడిని మాత్రమే. ఆ చిక్కటి పులుసులో బంగాళాదుంపలు, క్యారెట్లు, క్యాబేజీ ముక్కలుగా ఉంటాయి, సేమ్యా లాంటి పాస్తా వేస్తారు, వారు మాంసం కూడా వేస్తారు, నిమ్మ పులుపు తగిలిస్తారు. కుటుంబమంతా కూర్చుని కడుపు నిండా తినే సూప్ అది. మనం మాంసం వదిలేసి, ఆ నిర్మాణాన్ని తీసుకుంటే చాలు. సగం గుమ్మడిని రుబ్బండి, మిగిలిన సగాన్ని ముక్కలుగా ఉంచండి.

ఇంగువమూట
ఇన్ని చెప్పారు కానీ తాలింపు మాట ఎవరూ ఎత్తలేదే! పప్పు, గుమ్మడి, పులుపు కలిశాక మిగిలింది అదొక్కటే. రెండు చెంచాల నెయ్యి కాగాక ఆవాలు, జీలకర్ర, రెండు ఎండుమిరపకాయలు, ఇంగువ, గుప్పెడు కరివేపాకు వేసి, చిటపటలు ఆగకముందే సూప్‌లో పోసి మూత పెట్టేయండి. గుంటూరు మనిషి ఆ వాసనకు కుర్చీ ముందుకు జరుపుకుంటారు.

తెల్లచామంతి
ఇక్కడ మాత్రం నేను ఒప్పుకోలేను. చింతపండు, పప్పు, ఇంగువ తాలింపు అన్నీ చేరాక అది పప్పుపులుసే అవుతుంది, దానికి సహజంగా అన్నమే అడుగుతారు, అంటే ప్రశ్న మళ్లీ మొదటికి వస్తుంది. పైగా ఇక్కడ పుట్టిన పిల్లలకు శరదృతువులో ఈ సూప్ అంటే ఒక ఇష్టం ఉంటుంది. బడిలో, స్నేహితుల ఇళ్లలో తిన్న రుచి అది. తాతయ్య వచ్చారని దాన్ని పూర్తిగా మార్చేయడం వారికి అన్యాయం. మిరియాల పొడి, కాస్త జీలకర్ర, కాల్చిన వెల్లుల్లి, నిమ్మరసం, ఇంతటితో ఆపితే రెండు తరాలూ తినగలుగుతాయి.

ఇంగువమూట
తెల్లచామంతి గారూ, పిల్లల ఇష్టాన్ని నేను కాదనడం లేదు. గిన్నెలో కలపకుండా తాలింపును చిన్న గిన్నెలో బల్ల మీద పెట్టండి, కావలసినవారు చెంచాడు వేసుకుంటారు. చిన్నవాడి గిన్నెలో కారం పడదు, మామగారికి కరివేపాకు వాసన దొరుకుతుంది.

తెల్లచామంతి
అలాగైతే నాకు అభ్యంతరం లేదు. బల్ల మీద నిమ్మ చెక్కలు కూడా పెట్టించండి.

ఎడిసన్_వంటిల్లు
ఇంత ఓపికగా చెబుతున్నందుకు అందరికీ కృతజ్ఞతలు. ఇంకొక సందేహం ఉంది. మా అత్తగారి ఆచారం ప్రకారం ఆడవాళ్లు నిండు గుమ్మడికాయ కోయకూడదు, మొదటి దెబ్బ మగవాళ్లే వేయాలి. మావారు కత్తి పట్టుకుంటే నాకు భయం, ఈ బటర్‌నట్ తొక్క చూస్తే రాయిలా ఉంది. కోయడానికి తేలిక ఉపాయం ఏదైనా ఉందా?

గోదారిగట్టు
మా ఇంట్లోనూ అదే ఆచారం. మా నాన్నగారు గాటు పెట్టి ఇచ్చాకే అమ్మ కత్తిపీట ముందు కూర్చునేది. కాయకు నాలుగైదు చోట్ల ఫోర్కుతో పొడిచి, మైక్రోవేవ్‌లో మూడు నాలుగు నిమిషాలు పెడితే తొక్క మెత్తబడుతుంది. పొడవకుండా పెట్టకండి, లోపల ఆవిరి చిక్కుకుని పగిలే ప్రమాదం ఉంది. ముందు తొడిమనూ, అడుగునూ పలుచగా కోసేసి, చదునైన అడుగు మీద కాయను నిలబెట్టి, మెడ భాగాన్నీ బొజ్జ భాగాన్నీ విడదీయండి. అప్పుడు కత్తి జారదు. పచ్చి తొక్క తీసే పనైతే చేతులకు నూనె రాసుకోండి లేదా చేతితొడుగులు వేసుకోండి. కోసిన చోట పైకి ఉబికే జిగురు ఆరిపోయాక కొందరికి వేళ్ల చర్మం బిగుసుకుపోయి, పొరలుగా రేగుతుంది.

మిషిగన్_మంచు
మెడ భాగంలో గింజలు ఉండవు, గట్టిగా ఉంటుంది కాబట్టి కృష్ణాతీరం గారు చెప్పిన ముక్కలకు దాన్ని వాడండి. అంగుళం ముక్కలైతే ఓవెన్‌లో అరగంట చాలు. బొజ్జ భాగాన్ని రుబ్బడానికి ఉంచుకోండి.

హాలోవీన్ కోసం తెచ్చినవి_ఉన్నాయి
మా గుమ్మం ముందు పెట్టిన పెద్ద నారింజరంగు గుమ్మడికాయలు ఇంకా కోయలేదు. వాటితో ఇదే సూప్ చేయవచ్చా?

గోదారిగట్టు
తినవచ్చు కానీ రుచి ఉండదు. చెక్కడం కోసం పెంచే ఆ రకాల్లో గుజ్జు పలుచన, నీరు, పీచు ఎక్కువ. కోసి, దీపం పెట్టి బయట ఉంచినవాటినైతే అసలు వంటింట్లోకి తేవద్దు. సూప్‌కు బటర్‌నట్ గానీ, కబోచా అనే జపాన్ గుమ్మడి గానీ, చిన్న షుగర్ గుమ్మడి గానీ తీసుకోండి. వీటిలో మన తీపి గుమ్మడికి జాతిరీత్యా దగ్గరి చుట్టం బటర్‌నట్. 1940లలో మసాచుసెట్స్‌లో రూపొందిన రకం అది.

రాత్రిడ్యూటీ
వీరందరూ ఓవెన్ ముందు నిలబడమంటున్నారు. ఉద్యోగాలు చేసేవారికి స్లో కుక్కర్ మేలు కదా. పొద్దున్నే గుమ్మడి ముక్కలు, ఎండు రాజ్మా, టమాటాలు, నీళ్లు పోసి సన్న సెగ మీద వదిలేస్తే సాయంత్రానికి బలమైన సూప్ తయారవుతుంది.

పెరటిచెట్టు
దయచేసి ఎవరూ అలా చేయవద్దు. ఎండు రాజ్మాలో ఫైటోహీమాగ్లుటినిన్ అనే విషపదార్థం ఉంటుంది, గట్టిగా మరిగిస్తేనే అది నశిస్తుంది. స్లో కుక్కర్ సన్న సెగలో గింజ మెత్తబడినా విషం పోయేంత వేడి చేరకపోవచ్చు; అలాంటి గింజలు కొద్దిగా తిన్నా కొన్ని గంటల్లోనే విపరీతమైన వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. ఇంట్లో పెద్దవారు, చిన్నపిల్లలు ఉన్నప్పుడు ఈ విషయాన్ని తేలికగా తీసుకోకూడదు. కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీరు పారబోసి, కొత్త నీళ్లలో అరగంట తెర్లనిచ్చి, ఆ తరువాతే స్లో కుక్కర్‌లో వేయండి. ప్రెషర్ కుక్కర్‌లో మెత్తగా ఉడికించినా పరవాలేదు, డబ్బాలో దొరికేవి ముందే ఉడికినవి.

నల్లరేగడి
దానికి తోడు, గింజలు మెత్తబడకముందే టమాటా వేస్తే ఆ పులుపుకు అవి ఎంతసేపటికీ ఉడకవు. పప్పులో చింతపండు రసం ఎప్పుడు పోస్తామో గుర్తుచేసుకోండి, ఇక్కడా అదే వరుస.

రాత్రిడ్యూటీ
ఈ సంగతి ఇంత వివరంగా చెప్పినందుకు ధన్యవాదాలు. స్లో కుక్కర్‌లోనే చేయాలంటే మసూర్ పప్పు వేయవచ్చా?

పెరటిచెట్టు
నిస్సందేహంగా వేయవచ్చు. రాజ్మాతో ఉన్న ఇబ్బంది మసూర్ పప్పుతో లేదు.

మెల్‌బోర్న్_మామిడి
మాకు శరదృతువు మార్చి నుంచి మే వరకు, అంటే ఉగాది ఇంటికొచ్చే రోజుల్లో. ఇక్కడ కెంట్ అనే రకం విరివిగా దొరుకుతుంది, కాలిస్తే తొక్కతో సహా తినేయవచ్చు. గింజలను పారేయకండి, కడిగి, తుడిచి, ఉప్పు, కొద్దిగా కారం, నూనె పట్టించి, ఓవెన్‌లో కరకరలాడే దాకా వేయించి సూప్ మీద చల్లితే, మా పిల్లలు సూప్ కంటే ముందు వాటినే అడుగుతారు.

కూకట్‌పల్లి_కుంపటి
మా ఇంట్లో ఓవెన్ లేదు, బటర్‌నట్ దొరికినా ధర ఎక్కువ. నేను మామూలు తీపి గుమ్మడి ముక్కలను మందపాటి ఇనుప మూకుడులో నూనె వేసి, ఒకదాని మీద ఒకటి పడకుండా పరిచి, కదపకుండా ఒక వైపు బాగా ఎర్రబడే దాకా ఉంచుతాను. ముక్కలు కిక్కిరిస్తే నీరు ఊరి ఉడికిపోతాయి తప్ప వేగవు. ఆ తరువాత ప్రెషర్ కుక్కర్‌లో పప్పుతో కలిపి రెండు విజిల్స్ రానిస్తాను. ఓవెన్ రుచి అంతా వస్తుందని చెప్పను కానీ, ఉత్తగా ఉడికించినదానికీ దీనికీ చాలా తేడా ఉంటుంది. తోడుగా జొన్నరొట్టె చేస్తాను. ముంచుకుని తింటే మళ్లీ అన్నం మాట రాదు.

కృష్ణాతీరం
జొన్నరొట్టె ఆలోచన చాలా బాగుంది. గుంటూరు పెద్దలకు బేకరీ రొట్టె కంటే అదే నచ్చవచ్చు.

తెల్లచామంతి
ఉప్పు గురించి ఎవరూ చెప్పలేదు, మామగారికి రక్తపోటు ఉందని మొదటే రాశారు కదా. పెట్టెల్లో అమ్మే స్టాక్‌లో ఒక్క కప్పుకే ఐదారు వందల మిల్లీగ్రాముల సోడియం ఉండటం మామూలు, ఇంకా ఎక్కువ ఉన్నవీ ఉంటాయి. రోజు మొత్తానికి 2000 మిల్లీగ్రాములు దాటవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పెట్టె మీద 'లో సోడియం' అని ఉంటే ఒక వడ్డనకు 140 మిల్లీగ్రాములకు మించదు. 'రెడ్యూస్‌డ్ సోడియం' అని ఉంటే మాత్రం ఆ మామూలు రకం కంటే పాతిక శాతం తక్కువ అని మాత్రమే అర్థం, అది కూడా చాలా ఉప్పగా ఉండవచ్చు. నా సలహా ఏమిటంటే స్టాక్ అసలు కొనవద్దు. క్యారెట్ చివర్లు, ఉల్లి, కొత్తిమీర కాడలు, నాలుగు మిరియాలు వేసి అరగంట మరిగించి వడగట్టిన నీళ్లు చాలు. ఉప్పు మీ చేతిలో ఉంటుంది, చివర్లో పిండే నిమ్మరసం తక్కువైన ఉప్పును కొంత కప్పిపుచ్చుతుంది.

గోదారిగట్టు
శాకాహారులు కాబట్టి ఇంకొక మాట. చాలామంది ఇక్కడ సూప్ పైన పర్మెజాన్ చీజ్ తురుము చల్లుతారు. అసలైన ఇటలీ పర్మెజాన్‌ను దూడ కడుపు నుంచి తీసే రెనెట్‌తో తోడుపెడతారు. అత్తగారికి పట్టింపు ఉంటే, శాకాహార రెనెట్‌తో చేసినదని పెట్టె మీద రాసి ఉన్న చీజ్ తీసుకోండి.

ఎడిసన్_వంటిల్లు
ఇది నాకు తెలియనే తెలియదు, చీజ్ మానేస్తాను. కార్తీకం వచ్చాక అత్తగారు ఉల్లి, వెల్లుల్లి ముట్టరు. కార్తీక సోమవారాల్లో పగలంతా ఉపవాసం ఉండి నక్షత్రాలు చూశాక తింటారు. అప్పుడు కూడా ఇది చేయవచ్చా?

ఇంగువమూట
ఉల్లి లేని వెలితిని అల్లం, జీలకర్ర, ఇంగువ నెయ్యి పూరిస్తాయి. ఉల్లి చిక్కదనాన్నీ ఇస్తుంది కాబట్టి దాని బదులు ఒక క్యారెట్ ఎక్కువ కాల్చి వేయండి. అయితే కొన్ని ఇళ్లలో మసూర్ పప్పును నోముల్లోనూ వ్రతాల్లోనూ వాడరు, కార్తీకంలో మానేసే కూరగాయలు కూడా ఇంటింటికీ మారతాయి. ముందుగా అత్తగారిని అడిగి, ఆవిడ ఒప్పుకున్న పప్పుతోనే చేయండి. పగలంతా ఖాళీ కడుపుతో ఉన్నవారికి ఆ రోజు మిరియాలు, పులుపు తగ్గించడం మంచిది.

మిషిగన్_మంచు
రుబ్బేటప్పుడు జాగ్రత్త. మరిగే సూప్‌ను మిక్సీ గిన్నెలో నిండా పోసి మూత బిగిస్తే ఆవిరి ఒత్తిడికి మూత ఎగిరి ముఖం మీద పడుతుంది. పది నిమిషాలు చల్లారనిచ్చి, సగం కంటే ఎక్కువ పోయకుండా, మూత మధ్యలోని చిన్న బిరడా తీసి, ఆ కన్నం మీద మడత పెట్టిన బట్ట వదులుగా ఉంచి తిప్పండి. గిన్నెలోనే ముంచి తిప్పే చేతి బ్లెండర్ ఉంటే ఈ బెడద లేదు. చిక్కదనం కోసం బంగాళాదుంప వేసి రుబ్బకండి, మిక్సీలో అది జిగటగా సాగుతుంది. పప్పు ఉండగా దాని అవసరమే లేదు.

ఎడిసన్_వంటిల్లు
తొమ్మిది మందికి కొలతలు కూడా ఎవరైనా చెబితే రేపే సరుకులు తెచ్చుకుంటాను.

పెరటిచెట్టు
మూడేసి పౌండ్ల కాయలు రెండు, ఒకటిన్నర కప్పుల మసూర్ పప్పు, ముప్పావు కప్పు బార్లీ, మూడు క్యారెట్లు, నాలుగు టమాటాలు, రెండు ఉల్లిపాయలు, ఒక వెల్లుల్లి గడ్డ, పది కప్పుల నీళ్లు. ముందు ఎనిమిది కప్పుల నీళ్లు పోసి పప్పు ఉడికించి, గుజ్జు, టమాటాలు కలిపి కాసేపు మరగనిచ్చి రుబ్బాక, చిక్కదనం చూసుకుంటూ మిగిలిన రెండు కప్పులు కలపండి. గరిటె ఎత్తితే ధారగా కాకుండా బరువుగా జారాలి. కాల్చిన మెడ ముక్కలు చివర్లో వేయండి. బార్లీకి మూడింతల నీళ్లు, ముప్పావు గంట సమయం పడుతుంది.

కూకట్‌పల్లి_కుంపటి
జొన్నరొట్టెలు చేస్తే మనిషికి ఒకటి లెక్కన చాలు, బార్లీ కూడా ఉంది కదా.

ఎడిసన్_వంటిల్లు
సూప్ మిగిలితే ఆదివారానికి నిలవ ఉంటుందా?

పెరటిచెట్టు
భోజనాలు అయిన వెంటనే, ఎట్టి పరిస్థితిలోనూ రెండు గంటలు దాటకుండా, లోతు తక్కువ గిన్నెల్లోకి తీసి ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు బాగుంటుంది. పెద్ద గిన్నెను అలాగే పెడితే మధ్యభాగం చల్లారడానికి చాలాసేపు పడుతుంది. బార్లీని మాత్రం సూప్‌లో కలిపి ఉంచకండి, తెల్లవారేసరికి ద్రవమంతా పీల్చుకుని ఉబ్బిపోతుంది. రెండింటినీ వేరు వేరు డబ్బాల్లో పెట్టి, ఆదివారం వేడి చేసేటప్పుడు అరకప్పు నీళ్లు కలిపి, నిమ్మరసం మళ్లీ కొత్తగా పిండండి.